పోటీ షూ ఎవరి కాళ్లకు?

నిజామాబాద్ జిల్లాలో మోస్రా నుంచి వర్ని వైపు పోయే రోడ్డు మీద తెల్లవారుజామున ఉరికేవాళ్లలో రెండు తీర్ల మనుషులున్నారు. పోలీసు, ఆర్మీ ఉద్యోగాల కోసం టైం చూసుకుంటూ ఉరికే పిల్లలు మొదటి తీరు. పరుగు మీద ఇష్టంతో ఉరికే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, సెలవులకు ఊరొచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు రెండో తీరు. వీళ్లకు హైదరాబాద్ మారథాన్‌లో కిందటేటి కన్నా రెండు నిమిషాలు ముందు గీత దాటితే అదే పండగ. ఇద్దరి లక్ష్యాలూ వేరు, జేబులూ వేరు. ఫోన్‌లో చూసి మనసు పారేసుకునే షూ మాత్రం ఒకటే: ఎత్తైన మెత్తటి సోల్, లోపల కార్బన్ ప్లేట్, మెరిసే రంగు, ఇరవై వేలు దాటిన ధర. అంతర్జాతీయ పోటీల్లో పతకాలు గెలిచేవాళ్లు తొడిగే రకం అది.

దాన్ని కొనాలా, మామూలు రన్నింగ్ షూతో సరిపెట్టుకోవాలా? ఈ ప్రశ్న మీద గత ఎనిమిదేళ్లలో పరిశోధన బాగానే జరిగింది. ఆ ఫలితాలను మన వేగాలకు, మన నేలకు, మన పాదాలకు తెచ్చి చూసిన రాత తెలుగులో నాకు పెద్దగా కనపడలేదు. అందుకే ఈ ప్రయత్నం.

ముందు ఆ షూలో ఏముందో చూద్దాం. 2017 మే 6న ఇటలీలోని మోంజా కార్ల రేసు ట్రాక్ మీద కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్చోగె మారథాన్‌ను 2 గంటల 25 సెకన్లలో ముగించాడు. ఆయన కాళ్లకున్న నైకీ షూ నుంచే ఈ కొత్త తరం మొదలైంది. అంతకుముందు పోటీ షూ అంటే పల్చటి సోల్, తక్కువ బరువు, అంతే. కొత్త షూలో మడమ కింద దాదాపు నాలుగు సెంటీమీటర్ల ఫోమ్ ఉంటుంది. పెబా అనే ప్లాస్టిక్‌తో చేసిన ఈ ఫోమ్ బాగా తేలిక. పాదం నొక్కినప్పుడు తీసుకున్న శక్తిలో ఎక్కువ భాగాన్ని తిరిగి ఇచ్చేస్తుంది. 2018లో అచ్చయిన అమెరికా కొలరాడో విశ్వవిద్యాలయం అధ్యయనం ప్రకారం ఈ ఫోమ్ 87 శాతం శక్తిని తిరిగి ఇచ్చింది. అప్పటిదాకా పేరున్న రెండు మారథాన్ షూలు 76 శాతం, 66 శాతం దగ్గర ఆగిపోయాయి. ఆ అధ్యయనంలో ఉరికిన 18 మందికి సగటున 4 శాతం శక్తి ఆదా అయింది.

ఆ 4 శాతమే ప్రపంచమంతా చుట్టి వచ్చింది. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2020 జనవరి 31న నియమం తేవలసి వచ్చింది: రోడ్డు పోటీల్లో సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు, లోపల ఒకటికి మించి ప్లేటు ఉండకూడదు. 2021 సెప్టెంబరులో వియన్నా మారథాన్‌ను మొదట ముగించిన ఇథియోపియా పరుగువీరుడు దెరారా హురిసా సోల్ ఐదు సెంటీమీటర్లుందని తేలి విజయం పోగొట్టుకున్నాడు. 2023లో అడిడాస్ 138 గ్రాముల షూ ఒకటి తెచ్చి 500 డాలర్ల ధర పెట్టింది. అది ఒక్క మారథాన్‌కు, దానికి ముందు కాలికి అలవాటు చేసుకునే కొద్ది పరుగుకు ఉద్దేశించిందని కంపెనీయే చెప్పింది. ఆ షూతోనే టిగిస్ట్ అసెఫా బెర్లిన్‌లో 2 గంటల 11 నిమిషాల 53 సెకన్ల ప్రపంచ రికార్డు పెట్టింది. అంటే పైస్థాయిలో ఈ షూ పనిచేస్తుందా లేదా అన్న వాదం ముగిసిపోయింది. అక్కడ అది లేకుండా గీత దగ్గర నిలబడటమే కష్టం.

మన ప్రశ్న వేరు. ఆ 18 మందీ పది కిలోమీటర్లను 31 నిమిషాల లోపు ముగించగలిగిన మగవాళ్లు. వాళ్లను ఉరికించిన వేగాలు గంటకు 14, 16, 18 కిలోమీటర్లు. మన పరుగు ఎంత? తెలంగాణ పోలీసు నియామకాల్లో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగ అభ్యర్థి 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలి. అంటే గంటకు 13 కిలోమీటర్లకు కాస్త పైన. హాఫ్ మారథాన్‌ను రెండు గంటల్లో ముగించేవాడు గంటకు పదిన్నర కిలోమీటర్లతో పోతున్నాడు. నాలుగున్నర గంటల మారథాన్ అయితే తొమ్మిదిన్నర కూడా ఉండదు.

ఈ వేగాల్లో ఏం జరుగుతుందో 2023లో డస్టిన్ జూబర్ట్ బృందం కొలిచి చూపింది. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోయేవాళ్లకు పోటీ షూ వల్ల ఆదా 1.4 శాతం, 10 కిలోమీటర్ల వేగంతో పోయేవాళ్లకు 0.9 శాతం. నాలుగు శాతం అన్న మాట మన దగ్గరికి వచ్చేసరికి ఒక్క శాతమైంది. అదీ సగటు మాత్రమే. ఆ గుంపులోనే కొందరికి లాభం వచ్చింది, కొందరికి పోటీ షూతో ఎక్కువ శక్తి ఖర్చయింది. అదే ఏడు వచ్చిన ఇంకో అధ్యయనంలో కెన్యా అగ్రశ్రేణి పరుగువీరుల మధ్య తేడా మరీ విపరీతంగా కనిపించింది. ఒకరికి 11 శాతం మేలు, మరొకరికి 11 శాతం నష్టం. షూ అదే, కాలు వేరు. నాకు ఈ మొత్తం పరిశోధనలో అన్నిటికన్నా విలువైన అంకె ఇదే. ఎవరికి పనికొస్తుందో కొన్నాక, తొడిగి ఉరికాక గానీ తెలియని వస్తువు మీద ఇరవై వేలు పెట్టమంటున్నారు.

కార్బన్ ప్లేట్ గురించి కూడా ఒక మాట. చాలామంది అదేదో స్ప్రింగు లాగా మనిషిని ముందుకు విసురుతుందనుకుంటారు. ఒక ప్రయోగంలో పరిశోధకులు ఆ ప్లేట్‌ను అడ్డంగా ఆరు చోట్ల కోసి, అదే షూతో మళ్లీ ఉరికించారు. శక్తి ఖర్చులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పని చేసేది ఎక్కువగా ఫోమ్. ఆ సంగతి తెలిస్తే కొనేవాడికి ఒక దారి దొరుకుతుంది. ఇప్పుడు ప్లేట్ లేకుండా మంచి ఫోమ్‌తోనే వచ్చే రోజువారీ షూలున్నాయి. పోటీ షూ ధరలో సగానికే దొరుకుతాయి, పాదం వంగనిస్తాయి.

ఇక బరువు. షూ ఒక్కోదానికి 100 గ్రాములు పెరిగితే శక్తి ఖర్చు దాదాపు ఒక శాతం పెరుగుతుందని చాలాకాలంగా తెలుసు. 2016లో ఒక ప్రయోగం చేశారు. ఉరికేవాళ్లకు తెలియకుండా షూలలో సీసపు గుళ్లు దాచి 3000 మీటర్లు ఉరికించారు. ప్రతి 100 గ్రాములకు టైం 0.78 శాతం చొప్పున పెరిగింది. దీన్ని పోలీసు పరుగుకు పెట్టి చూడండి. 7 నిమిషాల 15 సెకన్లంటే 435 సెకన్లు. బరువైన స్పోర్ట్స్ షూ విప్పేసి వంద గ్రాములు తేలికైనది తొడిగితే మూడు సెకన్లకు పైగా మిగులుతుంది. పోటీ షూ ఇచ్చే ఒక శాతం లాభమూ ఈ దూరంలో నాలుగు సెకన్లే. పంజాబ్‌లోని మాలేర్‌కోట్లాలో తయారయ్యే సెగా షూలను దేశమంతటా ఆర్మీ అభ్యర్థులు తొడుగుతున్నారంటే కారణం ఇక్కడే ఉంది. వెయ్యి రూపాయల లోపు దొరికే పల్చటి, తేలికైన షూ. ఒక్క 1600 మీటర్ల పరుగు వరకు చూస్తే ఇరవై వేల షూకూ దానికీ మధ్య మిగిలే తేడా, మొదటి రౌండు ఆవేశంగా ఉరికి చివరి రౌండులో దమ్ము చాలక పోగొట్టుకునే సెకన్ల ముందు నిలవదు. పల్చటి షూతో ఇబ్బంది ఒకటుంది. పరీక్ష రోజుకు, వారంలో ఒకటి రెండు వేగం సాధనలకు అది సరిపోతుంది. నెలల తరబడి రోజూ ఆరేడు కిలోమీటర్లు తార్రోడ్డు మీద అదే షూతో కొడితే పిక్కలూ ముంగాలి ఎముకా పట్టేస్తాయి. సాధనకు మందమైనది ఒకటి, పరీక్షకు తేలికైనది ఒకటి ఉండాలి. రెండూ కలిపి కొన్నా పోటీ షూ ధరలో నాలుగో వంతు మించదు.

ఆర్మీ ర్యాలీలో పూర్తి మార్కులకు 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో దాటాలనే గీత ఏళ్ల తరబడి ఉంది. అక్కడ వేగం గంటకు 17 కిలోమీటర్ల పైన. ఆ వేగంలో పోటీ షూ లాభం పెరిగే మాట నిజమే. అయితే ఆ శాతాలన్నీ ఆయాసం రాని స్థిరమైన వేగంలో, ట్రెడ్‌మిల్ మీద కొలిచినవి. ఐదు నిమిషాలు ప్రాణం పెట్టి, వందల మంది తోపులాట మధ్య మట్టి గ్రౌండ్‌లో ఉరికే పరుగుకు వాటిని యథాతథంగా అతికించలేం.

పోటీ సామాను కొనాలా, మామూలుది చాలా అన్న తర్జనభర్జన పరుగు లోకానికే పరిమితం కాదు. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్లూ దీన్ని వాదించుకుంటారు. కశ్మీర్‌కు చెందిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో పాల్గొన్న స్లాలమ్‌లో, అంటే పాతిన కర్రల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పోటీలో, మగవాళ్ల స్కీ 165 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అసలైన పోటీ స్కీ గట్టిగా ఉంటుంది. బాగా వేగంగా వచ్చి బలంగా ఒరిగితేనే అది విల్లులా వంగి మలుపు తిరుగుతుంది. నెమ్మదిగా వచ్చేవాడి కింద అది వంగదు, మలుపూ తిరగదు. దుకాణంలో స్లాలమ్ పేరుతోనే, అదే రంగుతో అమ్మేది కాస్త మెత్తది. తక్కువ వేగంలోనూ మాట వింటుంది. సెలవు రోజుల్లో సరదాగా పోటీ పడేవాళ్లలో ఎక్కువమందికి అదే వేగం ఇస్తుందని అక్కడి అనుభవజ్ఞులు చెబుతారు. పోటీ సామానును ఒక బలానికి, ఒక వేగానికి కొలిచి చేస్తారు. ఆ కొలతకు మనం అందకపోతే అది మనకు అడ్డం తిరుగుతుంది. పరుగు షూకూ ఇదే వర్తిస్తుంది, స్కీలో ఉన్నంత కఠినంగా కాకపోయినా.

అడ్డం తిరగడమంటే గాయం కూడా. 2023లో వైద్యులు కార్బన్ ప్లేట్ షూలు వాడిన ఐదుగురు పరుగుగాళ్లలో పాదం నడిమిభాగంలోని ఎముకకు ఒత్తిడి గాయాలు చూశామని రాశారు. ఐదుగురి కథతో అందరికీ తీర్పు చెప్పలేం. ప్లేట్ పాదాన్ని వంగనివ్వదు కాబట్టి భారం ఇంకెక్కడికో మారుతుందన్న హెచ్చరికగా మాత్రం తీసుకోవాలి. మామూలు షూల మీద వచ్చిన లెక్కలు ఇంకా గట్టివి. 800 మందికి పైగా ఉరికేవాళ్లకు పైకి ఒకేలా కనపడే మెత్తటి, గట్టి షూలు పంచిన అధ్యయనంలో గట్టివి తొడిగినవాళ్లకు గాయాల ముప్పు ఒకటిన్నర రెట్లు వచ్చింది. ఒకటికి మించి జతలను మార్చి మార్చి వాడినవాళ్లకు గాయాలు 39 శాతం తగ్గాయని 2015లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. పాదం వంపును బట్టి ఫలానా షూ అని అంటగట్టే పద్ధతిని అమెరికా సైన్యంలో చేరిన వేలమంది మీద పరీక్షిస్తే గాయాల్లో తేడా రాలేదు. సైన్యంలో చేరబోయే మన పిల్లలకు ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం దొరకదు. చదునుపాదానికి ప్రత్యేకమని చెప్పి ఎవరైనా రెండింతల ధర అడిగితే ఇవ్వనక్కర్లేదు. తొడిగి నాలుగడుగులు ఉరికినప్పుడు ఏది హాయిగా ఉంటే అదే మంచి షూ. ఇంత పరిశోధన తర్వాత నిపుణుల్లో చాలామంది వచ్చి ఆగింది కూడా ఇక్కడే.

ఆ హాయి మన పాదాలకు అంత తేలిగ్గా దొరకదు. బెల్జియం పరిశోధకులు బెంగళూరు పరిసరాల్లో చెప్పుల్లేకుండా తిరిగే అలవాటున్నవాళ్ల పాదాలు కొలిచి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆ పాదాలు ముందుభాగంలో వెడల్పుగా ఉన్నాయి, భారం పాదమంతా సమంగా పంచుకుంటున్నాయి. పొలం గట్ల మీద, నాట్ల బురదలో, హవాయి చెప్పుల్లో పెరిగిన మోస్రా, చందూరు, వర్ని పిల్లల పాదాలూ ఇలాంటివే కావచ్చు. యూరప్ పాదానికి పోసిన ఇరుకు పోటీ షూలో చిటికెన వేలు నలుగుతుంది, బొబ్బలు లేస్తాయి, పొడవు ఒక సైజు పెంచుకుంటే మడమ జారుతుంది. కొన్ని కంపెనీలు వెడల్పు రకాలు చేస్తాయి గానీ అవి ఎక్కువగా రోజువారీ షూలలోనే వస్తాయి. ధర, వేగం సంగతి పక్కన పెట్టినా, మన దగ్గర మామూలు షూ వైపు మొగ్గడానికి ఈ ఒక్క కారణం చాలు.

నేల సంగతి చెప్పకుండా షూ సంగతి తేలదు. పోటీ షూ అడుగున రబ్బరు చాలా పల్చగా ఉంటుంది, కొన్ని చోట్ల ఫోమ్ నేరుగా నేలకు తగులుతుంది. శుభ్రంగా ఊడ్చిన నగర రోడ్డు కోసం చేసిన తీరు అది. నిజాంసాగర్ కాలువ కట్టల మీద కంకర, వానాకాలంలో సోల్‌కు పెళ్లలుగా అంటుకునే నల్లరేగడి, కోతల కాలంలో రోడ్డు సగం ఆరబోసిన వడ్లు, వాటిని తప్పించుకుంటూ అంచున మట్టిలోకి దిగాల్సిన అడుగులు: ఇక్కడ ఎత్తైన మెత్తటి సోల్ మీద చీలమండ నిలకడగా ఉండదు. శక్కర్‌నగర్ చక్కెర మిల్లు 2015 చివర్లో మూతపడ్డాక బోధన్ చుట్టుపక్కల చెరుకు తగ్గి వరి ఇంకా పెరిగింది. కాబట్టి రోడ్ల మీద వడ్ల సమస్య తగ్గే సూచన లేదు. ఈ నేల మీద గట్టి రబ్బరు, కాస్త వెడల్పు అడుగు, తక్కువ ఎత్తు ఉన్న షూ పోటీ షూ కన్నా వేగంగా పోనిస్తుంది. అడుగు వేసేముందు ఆలోచించాల్సిన అవసరం ఉండదు మరి.

మన్నిక కూడా లెక్కలోకి రావాలి. పెబా ఫోమ్ 450 కిలోమీటర్లు ఉరికాక తన మేలును పోగొట్టుకుందని, పాతరకం ఫోమ్ మాత్రం అప్పటికీ దాదాపు అలాగే ఉందని ఒక అధ్యయనం చూపింది. వారానికి 40 కిలోమీటర్లు ఉరికేవాడికి అది మూడు నెలల ముచ్చట. పోటీ షూను రోజూ వాడి, ఆ తర్వాత అసలు పోటీలోకి దాన్నే తొడుక్కుని పోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. డబ్బు పెట్టి కొన్న లాభం కాస్తా సాధనలోనే ఆవిరైపోయి ఉంటుంది.

అయితే పోటీ షూ ఎవరికీ వద్దనే మాట నేను చెప్పను. హైదరాబాద్ మారథాన్‌నే తీసుకోండి. ఆగస్టు చివరి ఆదివారం, గాలిలో తేమ, నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఎత్తుపల్లాలు, ఫ్లైఓవర్లు. నాలుగు గంటల్లో ముగించే మనిషికి ఒక శాతం అంటే దాదాపు రెండున్నర నిమిషాలు. మూడు గంటల ఇరవై నిమిషాల దగ్గరున్నవాడికి లాభం శాతం కూడా పెరుగుతుంది. పైగా మెత్తటి ఫోమ్ వల్ల చివరి పది కిలోమీటర్లలో తొడలు అంతగా దెబ్బతినవని చాలామంది మారథాన్ పరుగుగాళ్లు చెబుతారు, వాళ్ల మాట నమ్మదగిందే. ఏళ్లుగా క్రమం తప్పకుండా సాధన చేస్తూ, హాఫ్ మారథాన్‌ను గంటా నలభై అయిదు నిమిషాల లోపు ముగిస్తూ, ఏడాదికి రెండు మూడు పోటీలే పెట్టుకున్నవాడు ఒక జత కొని, పోటీకి ముందు రెండు మూడు వేగం సాధనల్లో మాత్రం అలవాటు చేసుకుని దాచుకుంటే అది సరైన ఖర్చే. అంతకు కింద ఉన్నవాళ్లకు అదే డబ్బుతో రెండు మంచి రోజువారీ జతలు వస్తాయి. వాటిని మార్చి మార్చి తొడిగి, గాయం లేకుండా ఉరికిన ఆరు నెలలు టైంలో తెచ్చే మార్పు ఒక శాతం దగ్గర ఆగదు.

ట్రాక్ మీద పరుగు వేరే సంగతి. అక్కడ స్పైకులు. ప్రపంచ అథ్లెటిక్స్ 2024 నవంబరు నుంచి ట్రాక్ షూ మందాన్ని 20 మిల్లీమీటర్లకు కట్టడి చేసింది. మందమైన రోడ్డు షూ తొడిగి అధికారిక ట్రాక్ పోటీకి పోతే నియమానికి అడ్డం వస్తుంది. నియామక పరీక్షల్లో ఏం తొడగవచ్చో ప్రతిసారీ కాల్ లెటర్ చదివి తేల్చుకోవాలి. మండల స్థాయిలో మట్టి గ్రౌండే దిక్కు కాబట్టి స్పైకుల సాధన చాలామందికి అందదు. బాక్సింగ్‌లో రెండుసార్లు ప్రపంచ విజేత అయిన నిఖత్ జరీన్ మొదట నిజామాబాద్‌లో తండ్రి శిక్షణలో పరుగు పిల్లగానే మొదలైంది. ఈ జిల్లాలో కాళ్ల సత్తువకు కొదవ లేదు. కొరత ఉన్నది కొలిచిన ట్రాక్‌కు. మోస్రా లాంటి మండల కేంద్రంలో 400 మీటర్ల కొలత గీసి, చదును చేసి, రాళ్లు ఏరిన ఒక మట్టి ట్రాక్ ఉంటే అక్కడి పిల్లలందరికీ కలిగే మేలు ముందు ఏ షూ లాభమూ లెక్కలోకి రాదు.

ఆడపిల్లల సంగతి చివరికి వచ్చింది గానీ ఈ సమీక్షలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. నాలుగు శాతం అన్న మొదటి అధ్యయనంలో ఒక్క ఆడమనిషి కూడా లేదు. చిన్న ఊళ్ల దుకాణాల్లో ఆడవాళ్ల రన్నింగ్ షూ అడిగితే చాలాసార్లు మగవాళ్ల చిన్న సైజే తీసి ఇస్తారు. ఆడవాళ్ల మడమ సన్నం కాబట్టి అది వెనక జారుతుంది. పోలీసు పరీక్షలో అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో దాటాలి. గంటకు సరిగ్గా 9 కిలోమీటర్లు. పోటీ షూ లాభం ఒక శాతానికి పడిపోయిన వేగం కన్నా ఇది ఇంకా తక్కువ. ఈ అమ్మాయికి కావాల్సింది మడమ పట్టి ఉంచే మెత్తటి రోజువారీ షూ, మంచి సాక్సులు, సరిగ్గా సరిపోయే స్పోర్ట్స్ బ్రా. మూడూ కలిపి నాలుగైదు వేలలో వస్తాయి. మూడోదాని గురించి ఇంట్లో అడగడానికి మొహమాటపడి, దుపట్టా బిగించి కట్టుకుని ఉరికే పిల్లలు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. శిక్షణ ఇచ్చేవాళ్లు, అమ్మలు, అక్కలు షూ కొనడానికి నిజామాబాద్ పోయిన రోజే దాన్నీ కొనివ్వాలి.